నల్లగొర్రె

"ఐ డోంట్ లైక్" అనకుండ్రి, అన్నడు దస్తగిరి సార్.
అది పసిపిల్లల మాట.
"నాట్ మై కప్ ఆఫ్ టీ" అనుండ్రి.
మాటకు ఎముకుండాలె.

పాలమూరు న్యూటౌన్ల టైర్ల షాపు మీది గది.
కింద ట్యూబులకు గాలి కొడుతుంటే
మా బెంచీలు సన్నగ వణుకుతుంటయి.
పదకొండు మందిమి.
నేను ల్యాబు డ్యూటీ దిగి ఒస్త,
చేతులకింక స్పిరిట్ వాసన పోయుండదు.

చాయి మాట ఇని నాకు నవ్వొచ్చింది.
మా దిక్కు చాయి ఒద్దంటె ఊకుంటరా?
"ఏం, మా ఇంట్ల తాగవా?" అని ముఖం మాడ్సుకుంటరు.
నచ్చని చాయి మూడిండ్లల్ల తాగి
నాలుగో ఇంటికాడ కడుపుల తిప్పుతున్నా
గిలాస ఖాళీ చేసిన దాన్ని.
ఒక్క వాక్యంల ఒద్దనొచ్చునట,
ఎవ్వరి మనసు నొవ్వదట!
రాసుకొని కింద రెండు గీతలు గొట్టిన.

మంగళారం "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్".
ఇస్పేటా సార్? అన్నడు నర్వ పిల్లగాడు.
కాదు, పార.
పారను పార అనుడు.

మా నాయిన పన్నెండేండ్లు పూనా దిక్కు కాలువలు తవ్విండు.
పారకట్టె ఆనిన తావుల చేతులు నున్నగైనయి.
రేషన్ షాపుల వేలిముద్ర మిషను ఆయన్ను గుర్తువట్టదు.
మూడుసార్లు నొక్కుతడు, పంచెకు తుడుసుకుంటడు,
నాలుగోసారి నొక్కి
"నేను నేనే అయ్యా" అంటడు.
గంతకన్న బలమైన వాక్యం
సార్ కాడ ఏ పుస్తకంల ఉన్నదో నేనైతే సూడలే.

శుక్రారం నా వంతు.
నీ గురించి చెప్పు, మూడు నిమిషాలు, ఒక్క ఇడియమన్న పడాలె.
లేచి నిలవడ్డ.
"ఐ యామ్ ది బ్లాక్ షీప్ ఆఫ్ మై ఫ్యామిలీ."
గట్టిగ అన్న. ఎముకతోని.

గదంత నవ్వింది.
సార్ నవ్వలే. అద్దాలు తీసి తుడుసుకుంట
"బీరేశ్వరీ, అది తిట్టమ్మా,
ఇంటి పరువు తీసినోళ్ళను అంటరు" అన్నడు.

తిట్టా?

మా తాత మందల నూటిరవై దాకా గొర్లుండేటివి.
నల్లయి పదిహేడు.
కత్తెరేసిననాడు వాటి ఉన్ని వేరే గంపల.
తెల్లదానికి రంగు గావాలె,
నల్లదానికి దాని నలుపే సాలు.
అవ్వ వడికేది. తాత నేసి,
చింతగింజల గంజి పట్టించి ఎండకేసేటోడు.
ఆ గొంగడి కప్పుకుంటే
వాన మీదికెల్లే జారిపోయేది,
లోపలి మనిషి లోపల్నే ఉండేటోడు.

ఎన్కసీరి లారీలల్ల దిగినయి వేరే జాతి గొర్లు.
ఎత్తుగ, తెల్లగ, కండ మస్తు.
ఉన్ని లేదు.
ఇప్పుడు మందల నల్లది ఒక్కటే మిగిలింది.
దాన్ని అమ్ముదమా అని తాతను అడగనీకి
ఇంట్ల ఎవ్వరికి నోరు లెవ్వదు.

సార్ చెప్పింది గూడ అబద్ధం గాదు.
సూసిపోనీకి వచ్చిన ఇద్దర్ని ఒద్దన్న.
కమ్మలు అమ్మి ఈ క్లాసు ఫీజు గట్టిన.
పెద్దనాయిన ఎదురొస్తె రోడ్డు దాటి నడుస్తడు.
రెండర్థాలు ఒక్క తోలు మీదనే మొలిచినయి,
ఏది పీకితె ఏదొస్తదో
నాకింక తెల్వది.

కోయిల్‌కొండ ఆఖరి బస్సు దిగి ఇంటికి పోయేసరికి
అవ్వ అరుగు మీద కూసోని ఒక్కాకు నములుతుంది.
చెప్పిన, ఇంగ్లీషోళ్ళ దేశంల
నల్లగొర్రె అంటే తిట్టంటనే అని.

ఆమె జరసేపు సోచాయించింది.
ఊంచి, మూతి తుడుసుకొని,
"అయ్యో పాపం,
ఆడ చలి పెట్టదేమో బిడ్డా" అన్నది.